ఇంటి బట్టలపై చేతి అద్దకం, యంత్ర ముద్రణ: తరచుగా అడిగే ప్రశ్నలు

దుప్పట్లు, గలేబులు, కర్టెన్లు, కుషన్ కవర్లు, సోఫా గుడ్డలు కొనేవాళ్లకూ, వాటిని కుట్టి అమ్మేవాళ్లకూ ఎక్కువగా వచ్చే సందేహాలు ఇవి. చదివే ముందు ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. బట్ట మీద అచ్చు ఎవరు వేశారన్నది ఒక ప్రశ్న. ఏ రంగు వాడారు, దాన్ని ఎలా పట్టించారు అన్నది వేరే ప్రశ్న. ఈ రెండూ కలిపేయడం వల్లే చాలామంది తప్పు బట్ట కొంటున్నారు.

చేతి ప్రింటు కిందికి ఏవి వస్తాయి, యంత్రం కిందికి ఏవి?

చెక్క అచ్చుతో అద్దేది చేతి పని. చట్రానికి బిగించిన మెష్ (సన్నని జాలీ గుడ్డ) మీద రంగు పోసి రబ్బరు పట్టీతో లాగే చేతి స్క్రీన్ కూడా చేతి పనే, కానీ ఆ రెండింటి స్వభావం వేరు. స్క్రీన్‌లో డిజైన్ మెష్ మీద ఒకసారి స్థిరపడిపోతుంది. మనిషి చెయ్యి మార్చగలిగేది ఒత్తిడిని, చట్రం పెట్టే చోటును మాత్రమే. అమ్మేవాళ్లు రెండింటినీ ‘హ్యాండ్ ప్రింట్’ అనే అంటారు, అది అబద్ధమూ కాదు. కాబట్టి ‘చేతిదా?’ అని కాక ‘చెక్క అచ్చా, స్క్రీనా?’ అని అడగండి.

యంత్రాల్లో ముందుగా వచ్చింది రోలర్. చెక్కిన రాగి రోలర్లతో అచ్చు వేసే పద్ధతికి థామస్ బెల్ 1783లో పేటెంట్ తీసుకున్నాడు. ఇప్పుడది చాలా అరుదు. దాని స్థానంలో ఫ్లాట్ బెడ్ స్క్రీన్ (చదునైన చట్రాలతో యంత్రమే వేసేది), రోటరీ స్క్రీన్, డిజిటల్ ఇంక్‌జెట్ (కంప్యూటర్ ప్రింటర్‌లా సిరా చిమ్మేది) వచ్చాయి. దుప్పట్ల మార్కెట్‌లో రోటరీది పెద్ద వాటా. సన్నని రంధ్రాలున్న నికెల్ గొట్టం తిరుగుతూ లోపలి నుంచి రంగును బట్టమీదికి నెడుతుంది. 1963లో స్టార్క్ సంస్థ ఈ యంత్రాన్ని మార్కెట్‌లోకి తెచ్చింది.

ఏది ఎక్కువ కాలం మన్నుతుంది?

ఎక్కువమంది అడిగేది ఇదే, దీనికి సగం తప్పు జవాబులే ప్రచారంలో ఉన్నాయి. చేతిదైనా యంత్రానిదైనా, నూలు బట్ట మీద ప్రధానంగా కనిపించేవి రెండు రకాల రంగులు: రియాక్టివ్, పిగ్మెంట్.

రియాక్టివ్ రంగు నూలు పోగుతో రసాయనికంగా కలిసిపోతుంది. అందుకే ఉతికినా చేతికి మెత్తగానే ఉంటుంది. అచ్చు వేసే రంగు ముద్ద కిలోలో సుమారు 20 నుంచి 30 గ్రాముల రంగు, 100 నుంచి 200 గ్రాముల యూరియా, 20 నుంచి 30 గ్రాముల సోడా బైకార్బొనేట్ పడతాయి. మిగతాదంతా ముద్దకు చిక్కదనమిచ్చే సోడియం ఆల్జినేట్ అనే జిగురూ నీళ్లూ. ఇక్కడ మామూలు గంజి వాడకూడదు. రియాక్టివ్ రంగు నూలుతో కలిసినట్టే గంజితోనూ కలిసిపోతుంది. రంగు వృథా అవుతుంది, ఉతికినా గంజి వదలదు, బట్ట అట్టలా బిగుసుకుంటుంది. అచ్చు ఆరాక సుమారు 102 డిగ్రీల సెల్సియస్ ఆవిరిలో 8 నుంచి 10 నిమిషాలు ఉంచుతారు. యూరియా ఆవిరిలోని తేమను పట్టి రంగును కరిగించి పోగులోకి పంపుతుంది. యూరియా మోతాదు మించితే ఆ తేమే ఎక్కువై గీతల అంచులు పాకుతాయి.

తర్వాతి మెట్టు ఉతుకు. ముందు చన్నీళ్లు, ఆ తర్వాతే మరిగే సబ్బునీళ్లు. ఈ వరుస తప్పితే పోగు పట్టని రంగు తెల్లని నేల మీద మళ్లీ కూర్చుంటుంది. దుప్పటి తెలుపు గులాబీ ఛాయ కొట్టడానికి సాధారణంగా కారణం ఇదే. ఉతుకు తగ్గించి ఖర్చు మిగుల్చుకున్న బట్ట కొన్నవాళ్ల ఇంట్లో రంగు దిగుతుంది.

పిగ్మెంట్ పోగులోకి వెళ్లదు. బైండర్ అనే సన్నని పొరతో పోగుకు అతుక్కుంటుంది. ఆవిరీ, పెద్ద ఉతుకూ అక్కర్లేదు. 150 డిగ్రీల దగ్గర 4, 5 నిమిషాల వేడి చాలు. ఎండకు బాగా తట్టుకుంటుంది, తడి రాపిడికి తట్టుకోలేదు. వేడి చాలకపోతే మొదటి ఉతుకులో ఏమీ తెలియదు. మూడో నాలుగో ఉతుకు నుంచి మడతల వెంట, కుట్ల వెంట తెల్లగా గీకినట్టు కనిపించడం మొదలవుతుంది.

అంటే వేడి సరిగా పట్టించని చేతి పిగ్మెంట్ అచ్చు కన్నా, సరిగా ఆవిరి పట్టిన రోటరీ రియాక్టివ్ దుప్పటి ఎక్కువ కాలం నిలుస్తుంది. తిరగేసినా అంతే నిజం.

నా దగ్గరున్న బట్ట రియాక్టివో పిగ్మెంటో ఎలా తెలుసుకోవాలి?

ముదురు రంగు పడిన చోట వేలు పెట్టి, పక్కనే రంగు లేని చోట పెట్టి చూడండి. పిగ్మెంట్ ఉన్నచోట కాస్త బిగువు తెలుస్తుంది. కత్తిరించిన అంచు నుంచి ఒక పోగు లాగి దాని పురి విప్పండి. పైన రంగూ లోపల తెలుపూ ఉంటే పిగ్మెంట్ అయ్యే అవకాశం ఎక్కువ. రంగు లోపలి నార దాకా వెళ్లి ఉంటే రియాక్టివో, మరో అద్దకపు రంగో అయి ఉండాలి. డిజిటల్ రియాక్టివ్‌లో మాత్రం ఈ పరీక్ష తప్పుదారి పట్టించవచ్చు. అందులో రంగు పైవైపునే ఎక్కువ ఆగుతుంది.

తడి రాపిడి పరీక్ష ఇంకా ఉపయోగం. తెల్లని నూలు గుడ్డను తడిపి గట్టిగా పిండి, వేలికి చుట్టి, ముదురు రంగు మీద ఒకే చోట 10 సార్లు రుద్దండి. గుడ్డకు లేత ఛాయ అంటితే కర్టెన్‌కు పరవాలేదు. బాగా అంటితే గలేబుకీ సోఫాకీ వద్దు.

చెక్క అచ్చుతో ఒక దుప్పటికి నిజంగా ఎంత పని ఉంటుంది?

లెక్క చూడండి. రెండున్నర మీటర్ల పొడవు, 2.25 మీటర్ల వెడల్పు దుప్పటి. అచ్చు 15 సెంటీమీటర్ల చదరం. పొడవున 17, వెడల్పున 15, మొత్తం 255 అచ్చులు. అది ఒక్క రంగుకు. మూడు రంగులైతే 765 సార్లు చెయ్యి లేచి పడాలి, ప్రతిసారీ ముందు అచ్చు పక్కన వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చోవాలి.

అచ్చు టేకు లాంటి గట్టి చెక్కతో చేస్తారు. చెక్కిన తర్వాత 10, 15 రోజులు నూనెలో నానబెడతారు, లేకపోతే తడికి చెక్క ఉబ్బి గీతలు వంకరపోతాయి. పెద్ద అచ్చులకు వెనక నుంచి సన్నని బెజ్జాలు వేస్తారు. వాటి గుండా గాలి పోకపోతే అచ్చు మధ్యలో రంగు అంటకుండా ఖాళీ మిగులుతుంది. బల్ల మీద గోనె, కంబళి, పైన నూలు గుడ్డ పరిచి మెత్త చేస్తారు. గట్టి బల్ల మీద అచ్చు అంచులు మాత్రమే పడతాయి.

రంగు పళ్లెంలో జల్లెడ లాంటి అల్లిక, దానిపై కంబళి ముక్క, ఆ కంబళిలో రంగు ఉంటాయి. అచ్చును దానిమీద రెండుసార్లు తట్టి, బట్ట మీద మూలనున్న గుర్తు చుక్కను ముందటి చుక్కకు కలిపి పెట్టి, పిడి మీద చేతి మడమతో ఒక్క దెబ్బ వేస్తారు. పళ్లెంలో రంగు తగ్గేకొద్దీ అచ్చులు ఒక్కొక్కటే లేతబడి, మళ్లీ రంగు పోయగానే ఒక్కసారిగా ముదురవుతాయి. బట్టను దూరం నుంచి చూస్తే కనిపించే ఆ చిన్న అలల వంటి ఎగుడుదిగుడుకు కారణం అదే. మాకు చెక్క అచ్చు బట్టలో అన్నిటికన్నా నచ్చేదీ అదే.

మరి ఏది సహజమైన తేడా, ఏది లోపం?

ఛాయలో స్వల్ప హెచ్చుతగ్గులు, అచ్చుకూ అచ్చుకూ మధ్య ఒకటి రెండు మిల్లీమీటర్ల సందు లేదా అతుకు, గుర్తు చుక్క అక్కడక్కడా కనిపించడం సహజం. వాటికి డబ్బు వెనక్కి అడగడం న్యాయం కాదు.

కిందివి మాత్రం లోపాలే, చేతి పని పేరుతో సరిపెట్టుకోవద్దు. గీత పక్కనే నీడలా మరో గీత పడితే అచ్చు ఎత్తేటప్పుడు కదిలిందని అర్థం. గీత చుట్టూ రంగు పాకితే ముద్ద పలుచనైంది, లేదా బట్టకు తేమ ఉంది. అచ్చు మధ్యలో చుక్కలు చుక్కలుగా తెల్లగా మిగిలితే బట్టలో నేత గంజి పూర్తిగా పోలేదు. ఇది అన్నిటికన్నా చెడ్డది. గంజి మీద పడ్డ రంగు గంజితోపాటే పోతుంది. తెల్ల భాగం మీద ఒక నీటి చుక్క వేసి చూడండి. 3, 4 సెకన్లలో ఇంకిపోవాలి. ముత్యంలా నిలబడితే ఆ బట్టను సరిగా ఉడకబెట్టలేదని తెలుస్తుంది. పైన మెత్తదనం కోసం ఏదైనా రాసినా చుక్క ఆలస్యంగానే ఇంకుతుంది కాబట్టి, ఒకసారి ఉతికి మళ్లీ చూస్తే సందేహం ఉండదు.

యంత్రం మీద వేసి చెక్క అచ్చు అంటున్నారు. పట్టుకోవడం ఎలా?

యంత్రపు డిజైన్ గీసేవాళ్లు ఇప్పుడు చెదిరిన అంచులు, మసక చోట్లు, తప్పిన గీతలు కావాలనే పెడుతున్నారు. అందువల్ల ‘వంకరగా ఉంది కాబట్టి చేతిది’ అన్న గుర్తు పనికిరాదు. చూడాల్సింది ఆ వంకర మళ్లీ ఎక్కడ వస్తుందో.

టేపు తీసుకోండి. బట్టలో ఒక ప్రత్యేకమైన తప్పును పట్టుకోండి, ఒక ఆకు కొన దగ్గర రంగు తగ్గిన మచ్చ అనుకుందాం. బట్ట పొడవునా కొలుస్తూ పోండి. సరిగ్గా 64 సెంటీమీటర్ల దగ్గర అదే మచ్చ, అదే మసకతో కనిపిస్తే అది రోటరీ. ఆ గొట్టాల చుట్టుకొలత ఎక్కువగా 64 సెంటీమీటర్లే. డిజైన్‌లో 16 సెంటీమీటర్ల పువ్వులు నాలుగు వరుసగా, ఒకదానికొకటి కాస్త తేడాతో ఉంటాయి. ఐదోది మాత్రం అచ్చం మొదటిదే. ఉతికిన బట్ట కుంచించుకుంటుంది కాబట్టి కొలత ఒకటి రెండు సెంటీమీటర్లు తగ్గవచ్చు.

ఇక్కడ ఒక జాగ్రత్త. చెక్క అచ్చుకు చిన్న పెచ్చు ఊడితే ఆ ఖాళీ కూడా ప్రతి అచ్చులోనూ వస్తుంది. కానీ రంగు ముదురు, లేత మాత్రం ఒక్కో అచ్చుకు ఒక్కోలా ఉంటుంది. ఆకారం తప్పుతోపాటు ఛాయ కూడా మారకుండా తిరిగొస్తేనే యంత్రం అనుకోవాలి. అంచు పట్టీ కూడా చూడండి. అక్కడ రంగురంగుల చిన్న గుర్తులు వరుసగా ఉంటే అవి యంత్రంలో రంగులు సరిపోయాయో లేదో చూసుకునేందుకు వేసినవి. డిజిటల్‌లో 64 లెక్క పనిచేయదు. దానికి బట్ట వెనుకవైపు చూడాలి: చాలావరకు తెల్లగా వెలవెలబోతూ ఉంటుంది.

డిజిటల్ ప్రింటు మంచిదేనా?

ఎన్ని రంగులైనా, ఫొటో లాంటి డిజైన్ అయినా, ఒక్క మీటరైనా వేయగలిగేది అదొక్కటే. నూలుకు రియాక్టివ్ సిరా వాడితే బట్టకు ముందే ఆల్జినేట్, యూరియా, సోడా పట్టించి ఆరబెట్టాలి. ఆ రసాయనాలు సిరాలో కలిపితే నాజిళ్లు (సిరా చిమ్మే సన్నని రంధ్రాలు) చెడిపోతాయి. ఆ పూత ఎగుడుదిగుడుగా ఉంటే ప్రింటు కూడా మచ్చలుగానే వస్తుంది. నాజిల్ మూసుకుపోతే బట్ట అడ్డంగా సన్నని తెల్ల గీతలు పడతాయి. ముదురు రంగు మైదానంలో ఇది బాగా కనిపిస్తుంది కాబట్టి గుడ్డ తానును విప్పించి వెలుతురులో చూడండి.

పాలిస్టర్‌ది వేరే దారి. డిజైన్‌ను ముందు కాగితం మీద వేసి, సుమారు 200 డిగ్రీల వేడి ప్రెస్‌లో 30 నుంచి 45 సెకన్లు ఒత్తితే రంగు ఆవిరై పోగులోకి పోతుంది. ఈ పద్ధతి నూలు బట్టకు పనికిరాదు. నూలు శాతం ఎక్కువగా ఉన్న మిశ్రమ బట్టపై ఇలా వేస్తే కొన్ని ఉతుకుల్లోనే వెలిసిపోతుంది.

కర్టెన్లకు ఏది తీసుకోవాలి? ఎంత గుడ్డ కావాలి?

కర్టెన్‌ను ఉతుకు కన్నా ఎక్కువగా దెబ్బతీసేది ఎండ. ఎండకు తట్టుకోవడాన్ని ఐఎస్ఓ 105-బి02 పరీక్షలో 1 నుంచి 8 దాకా అంకెల్లో చెబుతారు. ఎండ పడే కిటికీకి కనీసం 5 ఉండాలి, 6 ఉంటే నిశ్చింత. మంచి పిగ్మెంట్లు సులువుగా అందుకుంటాయి. రియాక్టివ్‌లలో చాలావాటికి లేత ఛాయల్లో అంత రాదు. పసుపు కొమ్ము నుంచి తీసిన రంగు ఈ పరీక్షలో అట్టడుగున ఉంటుంది, దాన్ని కిటికీకి వేలాడదీయకండి. తడి రాపిడికి రంగు అంటుతోందని గలేబుకీ సోఫాకీ వద్దన్న పిగ్మెంట్ ప్రింటే ఇక్కడ సరైన ఎంపిక కావచ్చు.

గుడ్డ లెక్కలో డిజైన్ ఎన్ని సెంటీమీటర్లకు తిరిగొస్తుందన్నది మరచిపోతారు. పూర్తయిన పొడవు 210 సెంటీమీటర్లు, పై మడతకూ కింది మడతకూ 25 కలిపితే 235. డిజైన్ 64కు తిరిగొస్తే ప్రతి ముక్కనూ 256 దగ్గర కత్తిరించాలి. అప్పుడే పక్కపక్క ముక్కల్లో పువ్వులు ఒకే ఎత్తులో వస్తాయి. నాలుగు ముక్కలకు 10.24 మీటర్లు. అదే 15 సెంటీమీటర్ల చెక్క అచ్చయితే 240 దగ్గర కత్తిరించవచ్చు, 9.60 మీటర్లు సరిపోతాయి. దీనికి ఉతుకులో కుంచించుకునే 3 నుంచి 5 శాతం అదనం. లేదా కత్తిరించక ముందే గుడ్డను ఉతికేయండి, అదే మేలు.

పసిపిల్లల పక్కలకు, గలేబులకు చేతి ప్రింటే సురక్షితమా?

అచ్చు చేత్తో వేశారు కాబట్టి రసాయనాలు లేవనుకోవడం పొరపాటు. చెక్క అచ్చులతో వేసే బట్టలో ఎంతో భాగం పిగ్మెంట్‌తోనే వస్తోంది. పిగ్మెంట్ బైండర్లలో కొన్నిటి నుంచి ఫార్మాల్డిహైడ్ వెలువడుతుంది. బట్టల్లో హానికర రసాయనాలను పరీక్షించి ఇచ్చే ఓకో-టెక్స్ స్టాండర్డ్ 100 ధ్రువీకరణలో చర్మానికి తగిలే బట్టకు దీని హద్దు కిలోకు 75 మిల్లీగ్రాములు, పసిపిల్లల బట్టకు అంతకన్నా చాలా కఠినం. అజో అనే కృత్రిమ రంగుల్లో కొన్ని విడిపోయి హానికరమైన ఎరోమాటిక్ ఎమీన్లు ఇస్తాయి. యూరోపియన్ యూనియన్ నిబంధనల్లో వాటి హద్దు కిలోకు 30 మిల్లీగ్రాములు. పరీక్ష పత్రం అడగండి. అది లేకపోతే, కొత్త బట్టను వేడి నీళ్లలో రెండుసార్లు ఉతికి ఎండబెట్టాకే పిల్లల కింద వేయండి. నీళ్లలో కరిగే ఫార్మాల్డిహైడ్ ఉతుకులో చాలావరకు పోతుంది. అజో రంగుల సంగతి మాత్రం ఉతుకుతో తీరదు.

సహజ రంగులంటే పర్యావరణానికి మేలేనా?

కొంతవరకు. కరక్కాయ పట్టించిన గుడ్డ మీద పటిక ముద్దతో అచ్చు వేసి, తర్వాత మంజిష్ఠలో ఉడికిస్తే పటిక పడిన చోటే ఎరుపు ఎక్కుతుంది. ఇనుప తుక్కూ బెల్లమూ నానబెట్టిన ద్రావణం కరక్కాయతో కలిసి నలుపు ఇస్తుంది. ఈ ఇనుము మోతాదు మించితే నూలు కుళ్లుతుంది. కొన్నేళ్లకు నల్ల గీతల వెంటే బట్ట చిరగడానికి కారణం అదే. వీటికి కూడా నీళ్లు బాగా ఖర్చవుతాయి, ఎన్నోసార్లు జాడించాలి. నీటి లెక్కలో ఈ పద్ధతులన్నిటికన్నా పొదుపైనవి పిగ్మెంట్, పాలిస్టర్ మీద కాగితపు బదిలీ.

ఎన్ని మీటర్లకు ఏ పద్ధతి?

కొన్ని మీటర్లకు డిజిటల్. పదుల నుంచి కొన్ని వందల మీటర్ల దాకా చెక్క అచ్చు లేదా చేతి స్క్రీన్. వందలు దాటి వేలల్లోకి పోతే రోటరీ. రంగుకొక గొట్టం చెక్కించాలి, యంత్రం సర్దుకునేలోపే కొన్ని పదుల మీటర్లు పాడవుతాయి, ఆ ఖర్చు తక్కువ గుడ్డ మీద పడితే తట్టుకోలేం. నిమిషానికి 30 నుంచి 80 మీటర్లు పరుగెత్తడం మొదలయ్యాక మాత్రం దానితో ఏదీ పోటీ పడలేదు.

ఉప్పునీళ్లలో, వెనిగర్‌లో నానబెడితే రంగు ఆగుతుందా?

ఆగదు. రియాక్టివ్ రంగు క్షారంలో, వేడిలో పోగును పట్టుకుంటుంది. ఇంట్లో దిగేది పట్టుకోకుండా మిగిలిపోయిన రంగు. ఉప్పు వేస్తే అది నీళ్లలోకి రాకుండా కాసేపు బట్టమీదే ఉంటుంది, రంగు ఆగిందని అనిపిస్తుంది, తర్వాతి ఉతుకులో మళ్లీ వస్తుంది. దాన్ని వదిలించడమే మందు. విడిగా చన్నీళ్లలో జాడించి, ఆపైన బట్ట ఓర్చగలిగినంత వేడి నీళ్లలో కొద్ది సబ్బుతో ఉతికి, నీళ్లు తేటపడేదాకా జాడించాలి. తడిబట్టను ఉండలా చుట్టి వదిలేయకండి. సహజ రంగులకు ఈ వేడి పద్ధతి వద్దు, వాటికి చన్నీళ్లూ తేలికపాటి సబ్బూ నీడా కావాలి.

ఇంట్లో కుషన్ కవర్ల మీద చెక్క అచ్చు వేసి చూడవచ్చా?

తప్పకుండా, పిగ్మెంట్‌తో. 40 సెంటీమీటర్ల చదరపు కవర్లు నాలుగింటికి 100 గ్రాముల ముద్ద ధారాళంగా సరిపోతుంది: 95 గ్రాముల తయారు బైండర్ ముద్ద, 3 నుంచి 5 గ్రాముల పిగ్మెంట్. రంగు ముదురు కావాలని 10 గ్రాములు వేస్తే బైండర్ చాలక రుద్దగానే ఊడిపోతుంది. చెంచా వంచితే ముద్ద ధారగా కాక ఉండలుగా జారాలి.

గుడ్డను ముందే వేడినీళ్లలో ఉతికి ఇస్త్రీ చేయండి, మెత్తదనం ఇచ్చే ద్రవాలు వాడకండి. కవర్ లోపల కాగితం పెట్టండి, లేకపోతే రంగు రెండో పొరకు దిగుతుంది. బల్ల మీద కంబళి రెండు మడతలు వేసి, దానిపై కవర్ పరవండి. అచ్చును ముద్దలో ముంచకండి. స్పాంజి ముక్క మీద పలుచగా ముద్ద పరిచి దానిపై తట్టండి. మొదటి రెండు మూడు అచ్చులు పాత గుడ్డ మీద వేయండి. ఎండిన చెక్క కాస్త రంగు తాగాకే నిండుగా పడుతుంది. పని మధ్యలో ఆగితే అచ్చును తడిగుడ్డ మీద బోర్లించండి. గాళ్లలో ముద్ద ఎండిందంటే మెత్తని బ్రష్‌తో కూడా పోదు.

ఒక రోజంతా ఆరనిచ్చి, పైన పలుచని గుడ్డ వేసి, ఆవిరి లేకుండా, నూలు బట్టకు పెట్టే వేడిలో చోటుకు 4, 5 నిమిషాలు ఇస్త్రీపెట్టె జరుపుతూ ఉండండి. మూడు రోజుల తర్వాతే మొదటి ఉతుకు.

గుడ్డ చాలకపోతే తర్వాత అదే డిజైన్ కొనుక్కోవచ్చా?

డిజైన్ దొరుకుతుంది, ఛాయ కలవకపోవచ్చు. రోటరీలో కూడా ఒక్కో లాటుకు (ఒకే విడతలో వేసిన గుడ్డకు) రంగు కొద్దిగా మారుతుంది. గుడ్డ తాను మీద ఉన్న లాట్ నంబర్ రాసి పెట్టుకోండి. చెక్క అచ్చులో తేడా ఇంకా ఎక్కువ. ఒక గదికి కావలసినదంతా, ఒక ముక్క అదనంగా కలుపుకొని, ఒకేసారి తీసుకోండి. అప్పటికే తేడా వచ్చి ఉంటే రెండు లాట్ల గుడ్డను ఒకే కిటికీకి కుట్టకుండా ఒకటి కర్టెన్లకు, మరొకటి కుషన్లకు వాడండి.